చదువునకు, పనికి నడుమ ఆరు నెలలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ దినమున గ్రంథాలయములో పుస్తకముల మహిమను గూర్చి ప్రసంగించుట లోకాచారము. అయితే పుస్తకము ఒక్కటియే చెప్పజాలని విద్యలును కొన్ని కలవు. ఇల్లు కట్టు విద్య వానిలో నొకటి. పునాది యెంత లోతు తీయవలెనో పుస్తకము చెప్పును. తీసిన గోతిలోని నేల గట్టిదో గుల్లదో గడ్డపార దెబ్బకు వచ్చు చప్పుడు చెప్పును. మొదటిదానిని మాత్రమే ఎరిగినవాడు కాగితము మీద మేడలు కట్టును. రెండవదానిని మాత్రమే ఎరిగినవాడు తాత కట్టినట్లే కట్టును గాని, తుపాను గాలి మారినప్పుడు కట్టడమును మార్చలేడు. ఈ రెండు విద్యలు ఒక మనిషియందు కలియవలెను. ఆ కలయిక కొరకే నిర్మాణ విద్య నభ్యసించు బాలబాలికలను చదువు నడుమ పనిస్థలమునకు పంపుచున్నారు. అక్కడ వారికెదురగు చిక్కులేవి, వానిని తీర్చుటకు ఎవరెవరు ఏమి చేయవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

ఈ విషయము వజ్రపుకొత్తూరు వంటి గ్రామమునకు దూరమైనది కాదు. ఉద్దానము కొబ్బరికి, జీడిమామిడికి, పనసకు పేరుపొందిన సీమ. తోటలున్నను తోట లేనివారే ఎక్కువ; వేటకు పోవు తీరపు పల్లెలలో సముద్రము అన్నము పెట్టని నెలలు ఉండనే ఉన్నవి. అందుచేత తరతరములుగ ఈ ప్రాంతపు జనము పలాసలో రైలెక్కి విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు, సముద్రము దాటి అండమాను దీవులకును పనికి పోవుచున్నారు. వారిలో ఎందరో తట్ట మోసినవారు, కడ్డీలు వంచినవారు, పరంజా మీద నిలిచి గోడ లేపినవారు. నేడు వారి బిడ్డలు టెక్కలిలోను, శ్రీకాకుళములోను పాలిటెక్నిక్ కళాశాలలలో సివిల్ డిప్లొమా చదువుచున్నారు. తండ్రి మోసిన తట్టలోని మాలు ఏ పాళ్లలో కలుపబడవలెనో కుమారుడు లెక్క కట్టుచున్నాడు. ఒక తరములో ఇంత దూరము నడచుట సామాన్యము కాదు. ఆ నడకలో మిక్కిలి జారుడుగా నున్న మెట్టు ఈ పనిస్థలపు శిక్షణయే.

ఈ శిక్షణ స్వరూపమును ముందుగా తెలిసికొనవలెను. పదవ తరగతి పిదప డిప్లొమా మూడు సంవత్సరముల చదువు. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి 2016, 2020 సంవత్సరములలో తెచ్చిన పాఠ్యప్రణాళికలు ఆ చదువులో ఆరు నెలలను పారిశ్రామిక శిక్షణకు కేటాయించినవి. ఆ కాలమున విద్యార్థి ఒక కట్టడము పని వద్దనో, రోడ్డు పని వద్దనో, నీటి పథకము వద్దనో ఉండి, ప్రతిదినము తాను చూచినది, చేసినది దినచర్య పుస్తకములో వ్రాయవలెను. పని చూపించు ఇంజనీరు ఆ పుస్తకము మీద సంతకము చేయవలెను. కళాశాల ఉపాధ్యాయుడు నడుమ వచ్చి చూడవలెను. కడపట విద్యార్థి నివేదిక వ్రాసి, పరీక్షకుల యెదుట మాట్లాడవలెను. కాగితము మీద ఇంతకన్న చక్కని ఏర్పాటు ఉండదు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. 1794లో మైకేల్ టాపింగ్ అను ఆంగ్లేయుడు చెన్నపట్టణమున ఎనిమిది మంది బాలురతో ఒక సర్వే పాఠశాల తెరచెను. అదియే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల అయ్యెను. ఆ బాలురు గొలుసు పట్టి, నేల కొలిచి నేర్చిరి. ఆ టాపింగ్ 1796లో మన మచిలీపట్టణముననే కన్నుమూసెను. 1847లో రూర్కీలో కళాశాల పెట్టినప్పుడు దాని ప్రక్కనే గంగా కాలువ పని జరుగుచుండెను. 1854లో ఆ కాలువకు నీరు వదలిరి. విద్యార్థులకు తరగతి గది యెంత దగ్గరో పని అంత దగ్గర. అమెరికాలో సిన్సినాటి నగర విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు 1906లో 27 మంది విద్యార్థులతో కొంతకాలము తరగతి, కొంతకాలము కార్ఖానా అను పద్ధతిని ప్రారంభించెను. ఈ మూడు చోట్లను ఒక సామ్యము కలదు. పని చూపించువాడు, పాఠము చెప్పువాడు ఒకరినొకరు ఎరుగుదురు; పిల్లవాడు వారి నడుమ తప్పిపోడు. నేటి మన పిల్లలకు కొరవడినది ఆ ఎరుకయే.

మొదటి చిక్కు చోటు దొరకుట. నగరములోని విద్యార్థికి నాలుగు వీధులు తిరిగిన ఒక పెద్ద కట్టడము కనబడును. ఉద్దానపు విద్యార్థికి ఎదురుగా కనబడునవి ఊరిలోని ఇండ్ల పనులు. వానికి ప్లాను ఉండదు. ఉన్నను అది పంచాయతీ అనుమతి కొరకు గీయించినదే. మేస్త్రీ కాలితో గీత గీయును, కూలీలు తవ్వుదురు. అక్కడ నేర్చుకొనవలసినది లేకపోలేదు గాని, పరీక్షకు కావలసిన విధముగ వ్రాయుటకు వస్తువు దొరకదు. ఇక పెద్ద పనులు ఈ ప్రాంతమునకు రాకపోలేదు. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకము పూర్తియై 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడెను. అదే సంవత్సరము ఏప్రిల్ 19న సంతబొమ్మాళి మండలము మూలపేట వద్ద నౌకాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. పలాసలో మూత్రపిండ రోగులకై పెద్ద ఆసుపత్రి లేచెను. గొట్టపు వరుసలు, నీటి ట్యాంకులు, సముద్రపు ఒడ్డున రాతి కట్టలు: సివిల్ విద్యార్థికి ఇంతకన్న బడి ఏది? అయినను అట్టి పనిలోనికి ప్రవేశము దొరకవలెనన్న తెలిసినవారి సిఫారసు కావలెను. మత్స్యకారుని కొడుకునకు, జీడిపిక్కలు వలుచు తల్లి కూతురునకు ఆ సిఫారసు ఎక్కడినుండి వచ్చును?

చోటు దొరకనివారిని ఒక చెడు దారి పిలుచును. ఏదో ఒక సంస్థ ముద్రతో, పని చేసినట్లు ధ్రువపత్రము తెచ్చుకొనుట, పోయిన సంవత్సరపు విద్యార్థి దినచర్యను చూచి వ్రాయుట. ఆ పిల్లవాడు ఆరు నెలలు ఇంటివద్ద కూర్చుండియో, చిల్లర పనులు చేసియో గడపును. దానివలన సొమ్ము పోవుట చిన్న నష్టము. చూడనిదానిని చూచినట్లు వ్రాయుట వృత్తి జీవితపు మొదటి పాఠమగుట పెద్ద నష్టము. ఈ మాటను మరల తడవవలసి యుండును.

రెండవ చిక్కు, పనిస్థలమున ఆ పిల్లవాని స్థానమేమో ఎవరికిని తెలియకపోవుట. అతడు కూలి కాదు, కూలి లేదు. ఉద్యోగి కాదు, జీతము లేదు. విద్యార్థియా యన్న, పాఠము చెప్పువాడు లేడు. కంట్రాక్టరునకు అతడు ఊరక వచ్చిన చేయి. అందుచేత సిమెంటు గోదాము తాళపుచెవి అతని చేతికిచ్చి, వచ్చిన బస్తాలు, పోయిన బస్తాలు లెక్క వ్రాయుమందురు. కూలీల హాజరు వేయుమందురు. టీ తెప్పించుమందురు. బస్తాల లెక్క తెలియుట మంచిదే. మొదటి వారమున అది శిక్షణయే. ఆరవ నెలలో కూడ అదే లెక్క వ్రాయుచున్న యెడల అది శిక్షణ కాదు, వెట్టి.

చట్టము ఈ విషయమున మౌనముగ లేదు. 1961లో అప్రెంటిసు చట్టము వచ్చెను. మొదట అది వృత్తిపనులు నేర్చువారికే. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు అందు చేరిరి. ఆ చట్టము ప్రకారము అప్రెంటిసు శిక్షణ పొందువాడే గాని కార్మికుడు కాడు. అయినను పనిలో గాయపడిన యజమాని నష్టపరిహారమునకు బాధ్యుడు, మామూలు గంటలకు మించి పనిచేయించుటకు ప్రత్యేకానుమతి కావలెను. 2019లో నియమములను సవరించి, చదువు నడుమ శిక్షణకు వచ్చు డిప్లొమా విద్యార్థికి నెలకు 7,000 రూపాయలు, డిప్లొమా పూర్తిచేసినవానికి 8,000 రూపాయలు కనీస భృతిగ నిర్ణయించిరి. అయితే ఈ రక్షణ అంతయు ఒప్పంద పత్రము వ్రాసి నమోదు చేయించినప్పుడే. కళాశాలనుండి ఉత్తరము పట్టుకొని చిన్న కంట్రాక్టరు వద్దకు పోయిన పిల్లవానికి అట్టి ఒప్పందము ఉండుట అరుదు. కట్టడపు కార్మికుల సంక్షేమమునకై 1996లో చేయబడిన చట్టము సంవత్సరములో 90 దినములు పనిచేసిన కార్మికుని నమోదు చేసుకొనుమని చెప్పెను. ఆ చట్టపు అంశములు తరువాత కార్మిక నియమావళులలో చేరినవి. విద్యార్థి అందును చేరడు. ఒకే పరంజా మీద నిలిచిన ఇద్దరిలో కూలికి ఉన్న అండ విద్యార్థికి లేకపోవుట విచిత్రము. తండ్రులు ఈ సంగతి తెలిసికొని, పిల్లను పంపుటకు ముందే ఒప్పంద పత్రమును గూర్చి కళాశాలలో అడుగవలెను.

మూడవ చిక్కు పుస్తకమునకు, మేస్త్రీకి నడుమ వచ్చు వాదము. ఇది మిక్కిలి రుచిగల చిక్కు. దీనియందే విద్య యంతయు దాగియున్నది. సముద్రపు ఒడ్డున ఒక ఇంటికి శ్లాబు పోయుచున్నారనుకొందము. విద్యార్థి చదివిన 2000 సంవత్సరపు 456వ భారతీయ ప్రమాణము సముద్రపుగాలి తగులు కాంక్రీటును తీవ్ర పరిస్థితులకు లోనగు వర్గమున చేర్చెను. సిమెంటు బరువులో నీరు నూటికి 45 పాళ్లు మించరాదనెను. అనగా 50 కిలోల బస్తాకు ఇరువది రెండున్నర లీటర్లు. ఇసుకలోని తడియు అందులోనిదే. ఇక్కడ కూలి మనిషి గొట్టము పట్టుకొని మిక్సరులోనికి నీరు వదలుచున్నాడు. కొలత అను మాట లేదు. విద్యార్థి వెళ్లి, “మేస్త్రీ గారూ, నీళ్లు ఎక్కువయ్యాయండీ” అనును. మేస్త్రీ నవ్వి, “బాబూ, మాలు జారితేనే కడ్డీల సందుల్లోకి దిగుతాది. గట్టిగా కలిపితే కింద గుల్లపడిపోతాది. నువ్వు పుస్తకం చదివావు, నేను ఇరవై ఏళ్లుగా శ్లాబులు పోస్తన్నాను” అనును. చుట్టుప్రక్కలవారు నవ్వుదురు. విద్యార్థి సిగ్గుపడి వెనుకకు వచ్చును.

ఇందులో ఎవరిది తప్పు? మేస్త్రీ మాట అబద్ధము కాదు. గట్టిగ కలిపిన మాలు సందులలోనికి దిగక గుల్లపడుట అతడు కండ్లార చూచినదే. విద్యార్థి మాటయు అబద్ధము కాదు. ఎక్కువైన నీరు ఆరిపోవునప్పుడు కాంక్రీటులో కంటికి కానరాని రంధ్రములు మిగుల్చును. ఉప్పుగాలి ఆ రంధ్రముల గుండ లోనికి పోయి ఇనుమును తుప్పు పట్టించును. తుప్పు ఉబ్బి శ్లాబు పెచ్చులూడును. అది మేస్త్రీ చూడడు, ఏలననగా పదేండ్ల తరువాత ఆ ఇంటికి అతడు రాడు. నీరు పెంపకయే మాలు దిగునట్లు చేయు ఉపాయము మూడవది కలదు: కంకర పరిమాణము సరిచూచుట, వైబ్రేటరుతో గాని ఇనుప కడ్డీతో గాని పోట్లు వేసి లోనికి కూరుట, అవసరమైనచోట మాలును పలుచన చేయు మందును కొలత ప్రకారము కలుపుట. ఈ మూడవ మాట చెప్పగల ఇంజనీరు ఆ క్షణమున అక్కడ ఉన్న యెడల ఒక్క అరగంటలో విద్యార్థికి ఒక సంవత్సరపు చదువు అబ్బును. మేస్త్రీకి కూడ మేలు జరుగును. లేని యెడల విద్యార్థి రెండు తప్పు పాఠములలో ఒకటి నేర్చును. పుస్తకమంతయు వట్టిదని యొకడు, మేస్త్రీలందరు మూర్ఖులని యొకడు. రెండును దేశమునకు చేటే.

కడ్డీల క్రింద పెట్టు కవరు బిళ్లల కథయు ఇట్టిదే. అదే ప్రమాణము తీర వాతావరణమునకు లోనగు కాంక్రీటులో ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పవలెననెను. పనిస్థలమున బొటనవ్రేలి మందము రాతిముక్క పెట్టి, అదియు జారిపోయిన చూడరు. సముద్రపు ఇసుకను ఇంటి పనికి వాడరాదని పుస్తకము చెప్పును, దానిలో ఉప్పున్నది గనుక. ఒడ్డున ఉచితముగ పరచియున్న ఇసుకను విడిచి, దూరమునుండి ఏటి ఇసుకను సొమ్ము పెట్టి తెప్పించుకొనుమని పేద ఇంటి యజమానిని ఒప్పించుట మాత్రము ఏ పుస్తకములోను లేదు. అది మనుషుల నడుమ నేర్వవలసిన విద్య.

భాష విషయమున ఉద్దానపు విద్యార్థికి ఒక బరువు, ఒక బలము రెండును కలవు. ప్లానులు ఆంగ్లమున నుండును; పదవ తరగతి వరకు తెలుగులో చదివిన పిల్లవాడు వానిని చూచి తడబడును. పెద్ద పనులలో కూలీలు బీహారు, బెంగాలు, ఒడిశాలనుండి వచ్చినవారు. సూపర్‌వైజరు హిందీలో కేకలు వేయును. అయితే ఒడిశా సరిహద్దున పుట్టిన ఈ పిల్లలలో అనేకులకు సంతలలో, బంధుత్వములలో ఒడియా చెవినబడినదే. కడ్డీలు కట్టు ఒడియా పనివాని ప్రక్కన కూర్చుండి రెండు మాటలాడగల విద్యార్థికి, అతడు పదిమందికి చెప్పని కిటుకు చెప్పును. మాట కలిసిన చోటనే పని కలియును.

నాలుగవ చిక్కు కూడు, గూడు, నీరు. విశాఖపట్టణములోనో, హైదరాబాదులోనో చోటు దొరికిన విద్యార్థికి గది అద్దె, భోజనము, బస్సు ఖర్చు తల మీద పడును. భృతి రానిచో ఆ ఖర్చు తల్లి మెడలోని పుస్తెలతాడు మీదికి పోవును. నలుగురు కలిసి ఒక గదిలో నుండి, ఒకపూట తిని, ఎండలో నిలుతురు. కట్టడము మీద నీడ ఉండదు. క్రొత్తగ పోసిన శ్లాబు నుండి సెగ లేచును. త్రాగు నీరు క్యూరింగు డ్రమ్ము ప్రక్కననే ఉండును. ఉద్దానము మూత్రపిండ వ్యాధితో ఎన్ని ఇండ్లు దీపము లేనివైనవో ఈ సభకు చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి మూలకారణము ఇంకను తేలలేదు. ఎండలో చెమటోడ్చి చాలినంత నీరు త్రాగకుండుట కూడ ఒక కారణము కావచ్చునని పరిశోధకులు అనుమానించుచున్నారు. ఇట్టి సీమనుండి పోవు బిడ్డకు తల్లి అప్పడములు, పచ్చళ్లు కట్టియిచ్చుటతో పాటు, గంట గంటకు మంచినీరు త్రాగుమను మాట కూడ మూట కట్టి పంపవలెను.

ఐదవ చిక్కు ప్రాణభయము. కూలీకి ప్రమాదము అలవాటగును. విద్యార్థికి అది కనబడనే కనబడదు. గొట్టపు వరుసల కొరకు తవ్విన కందకము ఒకటిన్నర మీటరు లోతు దాటినపుడు ప్రక్కలకు పలకలు, దన్నులు పెట్టవలెనని నియమము. ఉద్దానపు ఇసుక నేల చూచుటకు నిలిచినట్లే యుండి ఒక్కసారిగ జారును. కొలత తీయుటకు లోనికి దిగుమన్నపుడు, “దన్నులు పెట్టిన తరువాత దిగుదునండీ” అని చెప్పుట పిరికితనము కాదు. అదియే ఇంజనీరు పలుకవలసిన మొదటి పలుకు. శ్లాబు అంచున కమ్మి లేని చోట, విప్పుచున్న సెంట్రింగు క్రింద, నేల మీద పరచిన కరెంటు తీగల నడుమ చెప్పులతో తిరుగుట ధైర్యమని పిల్లలు భ్రమింతురు. బూట్లు, తల టోపీ, నడుము పట్టా ఇచ్చిననేగాని పనిస్థలమున అడుగు పెట్టరాదని కళాశాల తన ఉత్తరములోనే వ్రాయవలెను. పిల్లవాడు నోరు విప్పి అడుగలేని దానిని కాగితము అడుగును.

ఆడపిల్లల చిక్కు వేరుగ చెప్పవలసినది. ఈ దేశమున ఏ కట్టడము వద్ద చూచినను తట్టలు మోయు స్త్రీలు కనబడుదురు. మేస్త్రీలుగ, ఇంజనీర్లుగ ఆజ్ఞ ఇచ్చువారు అరుదు. సివిల్ చదువుటకు వచ్చిన అమ్మాయి ఆ అరుదైన స్థానమునకు పోవుచున్నది. ఆమెకు మరుగుదొడ్డి లేని పనిస్థలము, చీకటి పడిన తరువాత సాగు శ్లాబు పని, బస దొరకని ఊరు అడ్డగోడలు. ఈ భయము చేత తల్లిదండ్రులు ఆమెను ఏదో కార్యాలయములో ప్లానులు గీయు బల్ల వద్ద ఆరు నెలలు కూర్చుండబెట్టుదురు. గీయుట మంచి పనియే. కాని నేల చూడని గీత సగము గీతయే. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలను ఒకే చోటికి పంపుట, బసను కళాశాలయే ఏర్పరచుట, శ్లాబు పోయు దినమున ఉపాధ్యాయురాలు వెంట నుండుట వంటి చిన్న ఏర్పాట్లతో ఈ గోడలో సగము కూలును. తట్టలు మోయు స్త్రీలకు కూడ, తమవంటి ఆడుబిడ్డ ప్లాను పట్టుకొని నిలుచుట చూచిన ఆ దినము నుండి మరుగుదొడ్డి అడుగు ధైర్యము వచ్చును.

ఇన్ని చిక్కులను చెప్పిన పిదప అన్నిటికన్న పెద్దదానిని చెప్పవలసియున్నది. అది సంతకము. శిక్షణలో నున్న విద్యార్థి దినచర్యలో, “నేడు కాంక్రీటు పాకుడు పరీక్ష చేసితిమి, సరిగ నున్నది” అని వ్రాయును. నిజమునకు ఆ పరీక్షకు వాడు శంకువు గోదాములో మూల పడియున్నది. “క్యూరింగు ఏడు దినములు జరిగినది” అని వ్రాయును. నిజమునకు మూడవ దినమున నీళ్ల ట్యాంకరు రాలేదు. ఇంజనీరు చూడకయే సంతకము చేయును. ఎవరికిని కష్టము కలుగలేదు; మార్కులు వచ్చినవి. ఐదేండ్ల తరువాత ఆ విద్యార్థియే ఒక మేడ పనికి ఇంజనీరగును. అప్పుడు అతని చేతికి కొలతల పుస్తకము వచ్చును. చూడనిదానిని చూచినట్లు వ్రాయుట ఆ చేతికి అప్పటికే అలవాటు.

ఆ అలవాటు వెల యెంతయో ఈ జిల్లా ఎరుగును. 2014 జూన్ 28న చెన్నపట్టణము శివారున మౌలివాక్కమ్ వద్ద కట్టుచుండిన పదునొకండు అంతస్తుల మేడ వానలో కుప్పకూలెను. 61 మంది మరణించిరి. వారిలో పలువురు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి కూలికి పోయినవారు. ఊరికి తిరిగివచ్చునని ఎదురుచూచిన ఇండ్లకు శవపేటికలు వచ్చినవి. ప్రక్కన మిగిలిన జోడు మేడను 2016 నవంబరు 2న మందుపెట్టి కూల్చివేసిరి. ఒక మేడ నిలువవలెనన్న నేల పరీక్ష, లెక్క, ఇనుము, మాలు, వీని మీద ఎందరో చూచి సంతకములు చేయవలెను. ఆ సంతకములలో ప్రతి ఒక్కటియు నిజముగ చూచి చేసినదైనయెడల, క్రింద పనిచేయుచున్న కూలి నెత్తిన గొడుగు పట్టినట్లు. చూడక చేసినదైన, అతని నెత్తిన బండ పెట్టినట్లు. తట్ట మోసిన తండ్రికి పుట్టి సివిల్ చదివిన బిడ్డకు ఈ మాట ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. అతడు పెట్టు సంతకము క్రింద అతని తండ్రియే పనిచేయుచుండవచ్చును.

కావున ఈ ఆరు నెలల శిక్షణ పరమార్థము ఒక్కటి: చూచినది వ్రాయుట, చూడనిది వ్రాయకుండుట. శంకువు లేని దినమున “నేడు పరీక్ష జరుగలేదు” అని వ్రాసిన దినచర్యకు కళాశాలవారు ఎక్కువ మార్కులు వేయవలెను. అట్లు వేసిన మొదటి సంవత్సరముననే దినచర్యల స్వరూపము మారిపోవును. “నేడు మేస్త్రీ గారు నీరు ఎక్కువ పోయించిరి, నేను అడుగగా ఇట్లు చెప్పిరి, నాకు తోచినది ఇది” అని వ్రాసిన ఒక్క పుట, ముద్రవేసిన ధ్రువపత్రములు పదింటికన్న విలువైనది.

ఇక ఎవరు ఏమి చేయవలెను? కళాశాలలు చోటు వెదకు భారమును పిల్లల మీద వేయరాదు. ప్రభుత్వపు పనులు జరుగుచోట్ల పంచాయతీరాజ్, నీటిసరఫరా, జలవనరుల శాఖల ఇంజనీర్లు తమ జిల్లా పాలిటెక్నిక్ విద్యార్థులకు కొన్ని స్థానములు కేటాయించునట్లు కళాశాల ముందుగనే మాట్లాడవలెను. ప్రతి విద్యార్థికి పనిస్థలమున ఒక ఇంజనీరు, ఒక మేస్త్రీ పేరుపెట్టి అప్పగింపబడవలెను. మేస్త్రీని కూడ గురువుగ గుర్తించి, శిక్షణాంతమున సభలో శాలువ కప్పిన ఖర్చు కొద్ది, ఫలము పెద్ద. నిర్మాణ కార్మికులకు, ఇంజనీర్లకు శిక్షణనిచ్చుటకు 1998లో హైదరాబాదున జాతీయ నిర్మాణ అకాడమీ వెలసినది. చేతిపనికి, చదువుకు ఒకే ప్రాంగణమున చోటుండవచ్చునని దానివలన తెలిసినది.

కంట్రాక్టర్లకు చెప్పవలసినది స్వల్పము. నేడు గోదాము కాపలాగ నిలిపిన పిల్లవాడే రేపు వారి బిల్లు పరీక్షించు ఇంజనీరుగ రావచ్చును. నేర్పి పంపిన యెడల గౌరవముతో వచ్చును. తల్లిదండ్రులు బిడ్డ ఉత్తరములలో, ఫోనులో, “భోజనము చేసితివా?” అని అడిగిన పిదప, “నేడు ఏమి చూచితివి?” అని కూడ అడుగవలెను. విద్యార్థులు చేయవలసినది మూడు మాటలలో తేలును: రసమట్టము, మూలమట్టము, గుండుదారము చేతపట్టి ఒక గోడనైనను స్వయముగ లేపుట, తెలియనిదానిని మేస్త్రీ గారిని మర్యాదతో అడుగుట, సాయంత్రము నిద్రకు ముందు ఆ దినపు పుట వ్రాయుట.

కడపట గ్రంథాలయపు వంతు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు మొదటిసారి కూడినప్పుడు వారి కోరిక పుస్తకములు బీరువాలలో భద్రముగ నుండవలెనని కాదు; పల్లె జనుల బ్రతుకులోనికి రావలెనని. ఆ కోరికను ఈ గ్రామమున ఇట్లు తీర్చవచ్చును. ఒక బీరువాలో ఒక అర నిర్మాణ విద్యకు కేటాయించి, అందు భారతీయ ప్రమాణ పత్రములను, వానిలోని ముఖ్య విషయములను తేట తెలుగున వ్రాసిన కాగితములను ఉంచవలెను. శిక్షణ ముగించి వచ్చిన ప్రతి విద్యార్థియు తన దినచర్య ప్రతినొకదానిని ఇక్కడ ఇచ్చి, ఒక సాయంత్రము ఊరివారికి తాను చూచినది చెప్పవలెను. ఊరి మేస్త్రీలను ఆ సభకు పిలువవలెను. వారు ఒప్పుకొననిచోట వాదించనీయవలెను. నాలుగేండ్లలో ఆ అర, ఉప్పుగాలిలో ఇల్లెట్లు కట్టవలెనో చెప్పు ఉద్దానపు సొంత గ్రంథమగును.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరమును తాకినది. ఆ రాత్రి గాలిని విన్నవారు ఈ సభలో ఎందరో కలరు. కొబ్బరితోటలు, జీడితోటలు ఒరిగినవి, రేకులు ఎగిరినవి, స్తంభములు వాలినవి. జనము గట్టి శ్లాబు గల ఇండ్లలోనికి, బడులలోనికి పరుగిడి తలదాచుకొనిరి. ఆ శ్లాబులను ఎవరు లెక్క కట్టిరో, ఎవరు నీరు కొలిచిరో, ఎవరు కడ్డీలు సరిచూచిరో వారికి తెలియదు. పేరు తెలియని ఆ మనుషులెవరో ఒకనాడు తమ పనిని నిజముగ చూచి సంతకము చేసిరి గనుక పైకప్పు నిలిచినది. రాబోవు తుపానునకు ఆ చేతులు ఉద్దానపు బిడ్డలవి కావలెను. అందుకై వారికి ఈ ఆరు నెలలు సార్థకము చేయుట కళాశాలకు, కంట్రాక్టరునకు, ఊరికి, ఈ గ్రంథాలయమునకు ఉమ్మడి ఋణము.

స్వస్తి.